బంగారు పీఠం కోసం పోరాడిన యా అసాంతెవా

పశ్చిమ ఆఫ్రికాలోని ఘనా దేశంలో, కుమాసి నగరానికి తూర్పున ఇరవై కిలోమీటర్ల దూరంలో ఎజిసు పట్టణం ఉంది. వందేళ్లకు పైగా కిందట అది అశాంతి రాజ్యంలో ఒక సంస్థానం. దానికి రాజమాతగా ఉన్న యా అసాంతెవా 1900లో బ్రిటిష్ పాలనపై అశాంతీలు చేసిన చివరి యుద్ధాన్ని నడిపింది. ఆ యుద్ధంలో అశాంతీలు ఓడిపోయారు. బ్రిటిష్ వాళ్లు కోరిన వస్తువు మాత్రం వాళ్ల చేతికి చిక్కలేదు. యా అసాంతెవా పేరు ఇన్నేళ్లు నిలవడంలో ఈ రెండో సంగతికే ఎక్కువ పాలుంది.

ఆమె 1840 ప్రాంతంలో ఎజిసు దగ్గరి బెసెయాసె గ్రామంలో పుట్టింది. పొలం పని చేసుకుని బతికిన మనిషి. అన్న అఫ్రానె ఎజిసు పాలకుడయ్యాక ఆమెను రాజమాత పీఠంపై కూర్చోబెట్టాడు. అశాంతి భాషలో ఈ పదవిని ఒహెమా అంటారు. పాలకుడికి ఆమె కన్నతల్లే కానక్కర్లేదు, అక్కచెల్లెలో పెద్దమ్మో పిన్నమ్మో కావచ్చు. అశాంతీలలో వంశం తల్లి వైపు నుంచి సాగుతుంది. అందుకే రాజు కొడుక్కి గద్దె రాదు, సోదరుడికో మేనల్లుడికో వస్తుంది. ఎవరు ఎవరి బిడ్డో, ఎవరికి అర్హత ఉందో తేల్చి చెప్పవలసింది ఒహెమాయే. గద్దె ఖాళీ అయినప్పుడు కొత్త పాలకుడి పేరు ప్రతిపాదించే హక్కు ఆమెది. ఆమెకు సొంత పీఠం, సొంత కొలువు ఉంటాయి. పాలకుడు తప్పు చేస్తే నిండు సభలో మందలించగలదు. 1894లో అన్న చనిపోయినప్పుడు యా అసాంతెవా ఈ హక్కుతోనే తన కూతురి కొడుకు కోఫీ తెనెను ఎజిసు గద్దెపై నిలిపింది. ఆరేళ్ల తర్వాత ఆమె మాటకు యోధులు లేచారంటే దానికి ఆమె ధైర్యం ఒక్కటే కారణం కాదు, ఆ పదవికి తరతరాలుగా ఉన్న బలం కూడా.

గొడవ మొత్తం తిరిగింది సికా ద్వా కోఫీ అనే బంగారు పీఠం చుట్టూ. 1700 ప్రాంతంలో ఒసేయి టుటు చిన్న చిన్న సంస్థానాలను కలిపి అశాంతి రాజ్యాన్ని కట్టినప్పుడు, ఒకోంఫో అనోక్యె అనే పూజారి దాన్ని ఆకాశం నుంచి దింపాడని వారి నమ్మకం. శుక్రవారం దిగింది గనుక ఆ రోజు పుట్టిన మగబిడ్డకు పెట్టే కోఫీ పేరే దానికీ వచ్చింది. జాతి ప్రాణం అందులో ఉందంటారు. దానిపై రాజు కూడా కూర్చోడు. పట్టాభిషేకంలో కొత్త రాజును ఒంటికి తగలనివ్వకుండా దానిపైకి మూడుసార్లు వంచి లేపుతారు. నేల తగలకూడదని దానికి వేరే ఆసనం వేస్తారు.

బ్రిటిష్ వాళ్లకూ అశాంతీలకూ మధ్య పోరు అప్పటికే పాతది. 1824లో గవర్నర్ చార్లెస్ మెకార్తీని అశాంతి సేన యుద్ధంలో చంపింది. 1874లో వోల్స్‌లీ సేన కుమాసిని తగలబెట్టి, రాజభవనాన్ని పేల్చి, బంగారు ఆభరణాలను పట్టుకుపోయింది. పైగా 50,000 ఔన్సుల బంగారం పరిహారంగా కట్టాలంది. 1896 జనవరిలో ఆ బాకీని సాకుగా చూపి మళ్లీ దండు వచ్చింది. అశాంతి రాజు ప్రెంపే యుద్ధానికి దిగలేదు. గవర్నర్ కాళ్ల దగ్గర అతనూ, అతని తల్లి యా అక్యా మోకరిల్లవలసి వచ్చింది. అయినా వదలకుండా ఇద్దరినీ బంధువులతో, పలువురు పాలకులతో సహా దేశం దాటించారు. ఎజిసు పాలకుడు కోఫీ తెనె వారిలో ఒకడు. మనవడు లేని ఎజిసును యా అసాంతెవాయే ఏలవలసి వచ్చింది.

1900 మార్చి 28న గవర్నర్ ఫ్రెడరిక్ హాడ్జ్‌సన్ కుమాసి కోటలో పాలకులందరినీ సమావేశపరిచాడు. ప్రెంపే తిరిగి రాడన్నాడు, పరిహారానికి వడ్డీ అడిగాడు. ఆపైన, రాణి ప్రతినిధినైన తనకు బంగారు పీఠం ఎందుకు తెచ్చి వేయలేదని నిలదీశాడు. వలస పాలన చరిత్రలో ఇంతకంటే తెలివితక్కువ ప్రసంగాలు ఎక్కువ కనిపించవు. పాలకులు మౌనంగా విని వెళ్లిపోయారు. ఆ రాత్రి రహస్యంగా కలిసినప్పుడు కొందరు యుద్ధానికి వెనకాడారని, మగవాళ్లు కదలకపోతే ఆడవాళ్లమే వెళ్తామని యా అసాంతెవా అన్నదని అశాంతీలు చెప్పుకుంటారు. అప్పటికి ఆమె వయసు సుమారు 60 ఏళ్లు.

పీఠాన్ని వెతకడానికి హాడ్జ్‌సన్ పంపిన దళంపై దాడి జరిగింది. ఏప్రిల్ నెలాఖరుకు కుమాసి కోట ముట్టడిలో పడింది. గవర్నర్, అతని భార్య, బాసెల్ మిషన్ పాదరీలు, వందల మంది సైనికులు లోపల చిక్కుకున్నారు. బయటి దారులన్నిటి మీదా అశాంతీలు దుంగలతో దడులు కట్టి, వాటి చాటు నుంచి కాల్చేవారు. అడవిలో ఫిరంగులకు ఆ దడులు అంత తేలిగ్గా లొంగలేదు. కోటలో తిండి కరువై జనం చనిపోసాగారు. జూన్ 23న గవర్నర్ కొంతమందితో ముట్టడి ఛేదించుకుని తీరానికి పారిపోయాడు. జూలై 15న కర్నల్ విల్‌కాక్స్ కొత్త దండుతో కోటకు చేరాడు. ఆ దండులో ఆఫ్రికాలోని ఇతర వలసల సైనికులతో పాటు కొద్దిమంది సిక్కు సిపాయిలు కూడా ఉన్నారు. సెప్టెంబరులో ఒబాసా దగ్గర అశాంతీలకు పెద్ద దెబ్బ తగిలింది. మరో సంగతి కూడా మరువరాదు. మంపాంగ్, బెక్వాయ్, జ్వాబెన్ వంటి అశాంతి సంస్థానాలు ఈ యుద్ధంలో కలవలేదు. జాతి అంతా ఒక్కటై లేచిందనేది తర్వాత అల్లిన మాట.

1901 మొదట్లో యా అసాంతెవా పట్టుబడింది. ఆమెనూ మిగతా నాయకులనూ సీషెల్స్ దీవులకు పంపారు. అప్పటికే ప్రెంపే అక్కడ ఉన్నాడు. 1902 జనవరి 1న అశాంతి బ్రిటిష్ వలసగా మారింది. యా అసాంతెవా 1921 అక్టోబరు 17న ఆ దీవుల్లోనే మరణించింది. ప్రెంపేను 1924లో స్వదేశానికి రానిచ్చారు. 1930లో ఆమె అస్థికలను తెచ్చి సొంత నేలలో పూడ్చారు. 1935లో అశాంతి రాజ్య సమాఖ్యను బ్రిటిష్ ప్రభుత్వమే పునరుద్ధరించింది.

ఇంతకీ పీఠం ఏమైంది? అశాంతీలు దాన్ని దాచేశారు. దాదాపు రెండు దశాబ్దాల తర్వాత రోడ్డు పనివాళ్లకు అది దొరికితే కొందరు దాని బంగారాన్ని ఒలిచి అమ్ముకున్నారు. జనం ఆగ్రహం చూసి ప్రభుత్వం ఈసారి జాగ్రత్త పడింది. మానవశాస్త్రవేత్త ఆర్. ఎస్. రాట్రే ఇచ్చిన వివరణ విని, పీఠం జోలికి రామని ప్రకటించింది. 1922లో బ్రిటిష్ రాకుమారి మేరీ పెళ్లికి అశాంతి రాజమాతలు వెండి పీఠాన్ని కానుకగా పంపారు. పెళ్లికి ఏ పీఠం పంపాలో, ఏది దాచాలో వాళ్లకు బాగా తెలుసు.

ఆమె స్మృతి ఘనా స్వాతంత్ర్యం తర్వాత బాగా విస్తరించింది. 1960లో కుమాసిలో ఆమె పేరిట బాలికల పాఠశాల వెలసింది. లండన్‌లో కరీబియన్, ఆఫ్రికన్ కళాకారులు నడిపిన ఒక కళాకేంద్రానికి కూడా ఆ పేరే పెట్టారు. 2000లో యుద్ధ శతాబ్ది ఉత్సవాలు జరిగాయి, ఎజిసు ప్రాంతంలో మ్యూజియం తెరిచారు. నాలుగేళ్లకే అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. ఘనా చరిత్రకారుడు అడు బోయాహెన్ యుద్ధంపై రాసిన పుస్తకంలో ఆమెను సర్వసేనానిగా చూపాడు. ఆమె స్వయంగా రణరంగంలో ఎంతవరకు ఉందన్నది చరిత్రకారుల్లో ఇంకా చర్చే. తుపాకీ పట్టి నిలుచున్నట్టు విగ్రహాల్లో, బొమ్మల్లో కనిపించే రూపం కంటే, యోధులను కూడగట్టి ముట్టడిని నెలల తరబడి నిలిపిన నాయకత్వమే ఆమె అసలు ఘనత.

రాజమాతల పదవికి మాత్రం ఆమె యుద్ధం తర్వాతి కాలం మేలు చేయలేదు. స్థానిక పాలన కోసం బ్రిటిష్ వాళ్లు ఏర్పరచిన కొలువుల్లో పురుషులకే చోటు దక్కింది. రాజమాతల గురించి తనకు ఇన్నాళ్లు ఎవరూ ఎందుకు చెప్పలేదని రాట్రే అడిగితే, తెల్లవాళ్లు ఎప్పుడూ అడగలేదని, మగవాళ్లతోనే వ్యవహరించారని పెద్దలు బదులిచ్చారట. 1992 నాటి ఘనా రాజ్యాంగం సంప్రదాయ పాలకులకు ఇచ్చిన నిర్వచనంలో రాజమాతలనూ చేర్చింది. అయినా జాతీయ పాలకుల సభలో సభ్యత్వం కోసం రాజమాతలు ఆ తర్వాత కూడా ఏళ్ల తరబడి అడుగుతూ రావలసి వచ్చింది.