గర్రుమన్న గేరులో దోషి ఎవరు?

పాలిటెక్నిక్‌లో ఆటోమొబైల్ చదివే కుర్రాడొకడు క్లాసులో లేచి అడిగాడు: "సార్, ఇంజను ఆపి ఉంటే గేర్లన్నీ హాయిగా పడుతున్నాయి. స్టార్ట్ చేశామంటే ఫస్టు పడదు, రివర్సు గర్రుమంటుంది. గేర్‌బాక్సు దింపాల్సిందేనా?"

ముందే దింపక్కర్లేదు. ఇంజను ఆపగానే మాయమయ్యే జబ్బుకు మొదట అనుమానించాల్సింది క్లచ్‌నే. పెడల్ అడుగుదాకా తొక్కినా ప్లేటు ఫ్లైవీల్‌ను పూర్తిగా వదలడం లేదు. ఇంజను గేర్‌బాక్సు లోపలి షాఫ్టును ఇంకా తిప్పుతూనే ఉంది. గేర్ల గొడవల్లో చాలావాటిని ఒక్క ప్రశ్న తేల్చేస్తుంది: ఏది ఇంకా తిరుగుతోంది, ఎందుకు తిరుగుతోంది?

ముందుకు నడిపే గేర్ల పక్కన కూర్చుని ఈ ప్రశ్నను మన బదులు తేల్చే చిన్న ఇత్తడి రింగు ఒకటుంది. దాని పేరు సింక్రో రింగు. కారు మొత్తంలో ఇంత కొంచెం లోహంతో ఇంత తెలివైన పని చేసే భాగం మరొకటి నాకు కనబడలేదు.

1890ల్లో పారిస్‌లో తయారైన పనార్-లెవాసోర్ కార్లలో గేరు మార్చడమంటే, తిరుగుతున్న పళ్లచక్రాన్ని షాఫ్టు వెంబడి జరిపి, తిరుగుతున్న మరో చక్రంలోకి నెట్టడమే. మొరటు పద్ధతే గానీ పని జరుగుతుందని ఎమిల్ లెవాసోర్ స్వయంగా ఒప్పుకున్నాడని చెబుతారు. తర్వాతివాళ్లు చక్రాలను ఎప్పుడూ కలిపే ఉంచి, షాఫ్టుకు బిగించే పనిని మాత్రం పక్కనున్న డాగ్ పళ్లకు అప్పగించారు. దాంతో పెద్ద పళ్లు బతికిపోయాయి. వేగాల తేడా మాత్రం తీరలేదు.

ఆ తేడా ఎంతో లెక్క వేద్దాం. సెకండ్ గేరు నిష్పత్తి 2, థర్డ్‌ది 1.4 అనుకోండి. ఇంజను 3000 ఆర్‌పీఎమ్ మీద ఉంటే చక్రాల వైపు షాఫ్టు 1500 తిరుగుతుంది. గేరు మార్చే ఆ కాసేపట్లో కారు వేగం పెద్దగా మారదు. కాబట్టి థర్డ్ పడాలంటే ఇంజను వైపు షాఫ్టు 2100కి దిగాలి. లివరు లాగే ఆ క్షణంలో 900 ఆర్‌పీఎమ్ తగ్గించే నాథుడు కావాలి. కదిలే బస్సు ఎక్కేవాడు ముందు దాని పక్కనే అంతే వేగంతో నాలుగడుగులు పరుగెత్తినట్టు, పళ్లు కలిసేలోపే వేగాలు కలవాలి. పాతకాలం డ్రైవర్లు ఈ పని కాళ్లతో చేసేవారు. క్లచ్ తొక్కి న్యూట్రల్, క్లచ్ వదిలి కింది గేరుకైతే కాస్త రేజింగ్, మళ్లీ తొక్కి గేరు. అదే డబుల్ క్లచ్. మన పాత అంబాసిడర్లలో ఫస్టు గేరుకు సింక్రో ఉండేది కాదు. కదిలే బండిని ఫస్టులోకి దించాలంటే ఈ విద్య రావాల్సిందే.

ఆ కాలి విద్యను లోహానికి నేర్పినవాడు ఎర్ల్ థాంప్సన్ అనే అమెరికన్ ఇంజనీరు. 1928లో క్యాడిలాక్ తన కొత్త కార్లలో ఆయన సింక్రోమెష్‌ను పెట్టింది. తర్వాత మెరుగులు దిద్దుకుని ఇవాళ ఎక్కువ కార్లలో కనిపించే రూపం ఇలా ఉంటుంది.

గేరు పక్కన నున్నటి చిన్న కోను ఉంటుంది. దాని మీద వదులుగా ఇత్తడి రింగు. లివరు కదిలీ కదలగానే, అది జరిపే పళ్ల పట్టీ, అంటే స్లీవు, ఆ రింగును కోను మీదికి నొక్కుతుంది. రింగు లోపలి వైపు మర చుట్టులా సన్నటి గాడులుంటాయి. అవి నూనె పొరను కోసి పక్కకు తోసేస్తే రింగు కోనును పట్టుకుంటుంది, రాపిడి వేగాన్ని సరిచేస్తుంది. కోను వాలు సుమారు ఆరేడు డిగ్రీలు. మరీ తగ్గిస్తే రింగు బిగుసుకుపోయి ఊడిరాదు, మరీ పెంచితే పట్టు చాలదు.

ఇంతవరకూ అది ఒక బ్రేకు, అంతే. అసలు తెలివి రింగు బయటి అంచున ఉంది. అక్కడున్న పళ్ల ముక్కులను రెండు పక్కలా ఏటవాలుగా చెక్కుతారు. వేగాల్లో తేడా ఉన్నంతసేపూ కోను రింగును తనతో లాక్కుపోవాలని చూస్తుంది. రింగు పన్నులో సగం మేర పక్కకు జరిగి అక్కడ ఆగిపోతుంది. దాని పళ్లు సరిగ్గా స్లీవు పళ్లకు అడ్డంగా నిలుస్తాయి. మీరెంత గట్టిగా నెడితే రాపిడి అంత పెరుగుతుంది, అడ్డు కూడా అంత బిగుస్తుంది. వేగాలు సమానమైన క్షణాన ఆ లాగుడు సున్నా అవుతుంది. అడ్డుకు బలం పోయి, స్లీవు పళ్లు రింగును సుతారంగా పక్కకు నెట్టి గేరు డాగ్ పళ్లలోకి దూరిపోతాయి. సెన్సరు, వైరు ఏమీ లేకుండా, ఏ తేడాను కనిపెట్టాలో ఆ తేడానే తాళంగా వాడుకున్నారు.

ఇది తెలిస్తే రోగం పట్టుకోవడం తేలిక. థర్డ్ ఒక్కటే గర్రుమంటోందా? దానికి మాత్రం డబుల్ క్లచ్ చేసి చూడండి. మెత్తగా పడితే ఆ రింగు అరిగినట్టే. అన్ని గేర్లూ మొరాయిస్తే బండి నిలిపి, ఇంజను నడుస్తుండగానే క్లచ్ పూర్తిగా తొక్కి, కొన్ని సెకన్లు ఆగి రివర్సు వేయండి. చాలా కార్లలో రివర్సుకు సింక్రో ఉండదు కాబట్టి అది నిజం దాచదు. అప్పటికీ అరిస్తే క్లచ్ విడవడం లేదు. ముందు కేబుల్ అడ్జస్ట్‌మెంటు, హైడ్రాలిక్ అయితే నూనె కారడం, లైనులో గాలి చూడాలి. దీనికి పూర్తిగా ఎదురు జబ్బు క్లచ్ జారడం. ఘాట్ ఎక్కుతుంటే ఇంజను మోత పెరుగుతుంది, వేగం పెరగదు. న్యూట్రల్‌లో వచ్చే మోత క్లచ్ తొక్కితే ఆగుతోందా? ఇన్‌పుట్ షాఫ్టు బేరింగును అనుమానించండి. తొక్కినప్పుడే మొదలైతే రిలీజ్ బేరింగును.

బాక్సు విప్పిన రోజున రింగును వేళ్లతో కోనుకు నొక్కి, దానికీ గేరు పళ్లకూ మధ్య ఫీలర్ గేజ్ పెట్టి చూడాలి. కొత్త రింగుకు అక్కడ సుమారు ఒక మిల్లీమీటరు సందు ఉంటుంది. అది సగానికి దిగితే రింగు పని అయిపోయినట్టే. జీఎల్-4 నూనె పోయమన్న బాక్సులో జీఎల్-5 పోస్తే కూడా ముప్పే. అందులో ఎక్కువగా ఉండే గంధకపు రసాయనాలు కొన్ని రకాల్లో ఇత్తడిని తినేస్తాయి.

తర్వాతి కథ పరుగున సాగింది. ఇంగ్లండ్‌లో విల్సన్ ప్రీసెలెక్టర్ గేర్‌బాక్సు పళ్లు గుద్దుకునే పనే లేకుండా చేసి డెయిమ్లర్ కార్లకు, లండన్ బస్సులకు ఎక్కింది. 1952లో పోర్షే తన 356లో వేరే తరహా రింగుతో నాలుగు గేర్లకూ సింక్రో ఇచ్చింది. అన్నిటికన్నా గట్టి పోటీదారు మాత్రం థాంప్సనే. గేరు మార్చడం సులువు చేసిన ఆయనే, అసలు మార్చే పనే లేని హైడ్రామాటిక్ ఆటోమేటిక్‌ను నడిపించి 1939లో జనరల్ మోటార్స్ చేత మార్కెట్లో పెట్టించాడు.

అయినా రింగు ఓడిపోలేదు. 2014లో సెలెరియోతో మన రోడ్ల మీదికి వచ్చిన ఏఎమ్‌టీ (ఆటోమేటెడ్ మాన్యువల్) గేర్‌బాక్సులో క్లచ్, లివరు మోటార్ల చేతికి వెళ్లాయి గానీ లోపలి బాక్సు మాన్యువల్‌దే. గేరు మారేటప్పుడు ఆ కార్లు ఒక్క క్షణం తటపటాయిస్తాయి. క్లచ్ విడవాలి, వేగాలు కలవాలి, మళ్లీ క్లచ్ పట్టాలి. నడుపుతున్నది కంప్యూటరైనా సరే, ఇత్తడి రింగు ఒప్పుకునేదాకా ఆగాల్సిందే.