బడికి డబ్బొస్తే ఇంటి నుంచి పంపడం ఆపేయాలా?

ఈ వారం ఎపిసోడ్‌కి మూలం బుకిట్ పంజాంగ్ నుంచి వచ్చిన ఒక వాయిస్ మెసేజ్. అక్కడ సైటులో పనిచేసే ఒక అన్న అడిగారు: "మా ఊరి సర్కారు బడిలో ఇప్పుడు పుస్తకాలు, బ్యాగు, యూనిఫాం అన్నీ ఇస్తున్నారు. తల్లి ఖాతాలో డబ్బులూ పడుతున్నాయి. ఇంకా పిల్లాడి చదువుకని నేను నెలనెలా విడిగా పంపాలా?" ఎపిసోడ్‌లో టైం చాలక రెండు ముక్కల్లో చెప్పి వదిలేశాం. ఇక్కడ కాస్త తీరిగ్గా చూద్దాం. ఎందుకంటే ఈ ప్రశ్నకి జవాబు వెతికిన పెద్ద ప్రయోగం ఒకటి మన ఊళ్లలోనే జరిగింది.

2005లో మొదలైంది అది, ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో. రాష్ట్ర ప్రభుత్వం, అజీమ్ ప్రేమ్‌జీ ఫౌండేషన్, ప్రపంచ బ్యాంకు కలిసి చేశాయి. నడిపించినవాళ్లు కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు. 5 జిల్లాల్లో 500 పల్లెటూరి ప్రాథమిక పాఠశాలలు తీసుకుని, ఏ బడికి ఏం ఇవ్వాలో లాటరీ వేశారు. లాటరీ ఎందుకంటే, మంచి హెడ్మాస్టరు ఉన్న బడికే డబ్బిచ్చి, తర్వాత పిల్లలు బాగా చదివారంటే అది డబ్బు మహిమో హెడ్మాస్టరు మహిమో ఎవరికి తెలుస్తుంది?

ఒక వంద బడులకి పిల్లల తలకి ఏడాదికి 125 రూపాయలు ఇచ్చారు. అంటే సగటున బడికి 10,000 దాకా. ఏం కొనాలో పైనుంచి ఎవరూ చెప్పలేదు, టీచర్లే నిర్ణయించుకోవచ్చు. షరతు ఒక్కటే: గోడలకీ గదులకీ కాదు, నేరుగా పిల్లల చేతికి అందేవాటికి ఖర్చుపెట్టాలి. నోటు పుస్తకాలు, పలకలు, చార్టులు, ప్రాక్టీసు పుస్తకాలు కొన్నారు.

మొదటి ఏడాది పిల్లల మార్కులు పెరిగాయి. రెండో ఏడాది అదే డబ్బు, అవే బడులు, కానీ మార్కుల్లో పెరుగుదల దాదాపు లేదు.

ఏం జరిగింది? మొదటి ఏడాది ఈ డబ్బొస్తుందని ఇంట్లోవాళ్లకి తెలియదు. వాళ్లు ఎప్పటిలాగే నోటు పుస్తకాలు కొన్నారు, బడి కూడా ఇచ్చింది. పిల్లాడికి రెండు వైపుల నుంచీ అందింది. రెండో ఏడాదికి సంగతి తెలిసిపోయింది. "బడిలో ఇస్తున్నారు కదా, మనమెందుకు కొనడం?" అని ఇంటి ఖర్చు తగ్గించేశారు. లెక్క తీస్తే, బడికి వచ్చిన ప్రతి రూపాయికీ ఇంట్లో సుమారు ముప్పావలా తగ్గింది. చేరాల్సింది చాలావరకు పిల్లాడిదాకా చేరనేలేదు.

ఇందులో తల్లిదండ్రులది తప్పని నేను అనను. మిగిలిన డబ్బు బియ్యానికో, మందులకో, అప్పు వడ్డీకో పోయుంటుంది. కూలి చేసుకునే ఇంట్లో అది మంచి ఖర్చే. కాకపోతే ఆ డబ్బు ఇంటికి సాయం అయింది గానీ, చదువుకి కాలేదు. ఈ తేడా మనకి ముఖ్యం.

పరీక్షల సంగతి ఇంకా విచిత్రం. మరో వంద బడుల్లో ఏడాది మొదట్లో పిల్లలకి తెలుగు, లెక్కల్లో ప్రత్యేకంగా పరీక్ష పెట్టి, ఎవరికి ఏది రావట్లేదో విడమరిచి టీచర్లకి రిపోర్టు ఇచ్చారు. దాన్ని ఎలా వాడుకోవాలో కూడా రాసిచ్చారు. అప్పుడప్పుడు వెళ్లి క్లాసులు చూశారు. చూసేవాళ్లు ఉన్నప్పుడు టీచర్లు హుషారుగానే పాఠం చెప్పారు. ఏడాది చివర్లో పరీక్ష పెడితే మాత్రం పిల్లలు మిగతా బడుల పిల్లల కంటే మెరుగ్గా లేరు! అవే రిపోర్టులు, దాంతోపాటు పిల్లల మార్కులు పెరిగితే టీచరుకి బోనస్ అని చెప్పిన బడుల్లో రెండేళ్లకి ఫలితం స్పష్టంగా కనిపించింది. కాగితం తేడా కాదు, దాన్ని వాడాల్సిన అవసరం టీచరుకి ఉందా లేదా అన్నదే తేడా. (బోనసే ఏకైక మందు అని కాదు. దాని మీద గొడవలు వేరే ఉన్నాయి, ఇంకో ఎపిసోడ్ పడుతుంది.)

మనం ఉంటున్న సింగపూరులో ఈ మార్పులు ఎలా చేస్తారో కూడా చూడండి. సెకండరీ స్కూళ్లలో పిల్లల్ని మూడు రకాలుగా విడగొట్టే పాత పద్ధతి తీసేయడానికి ముందు, 2014లో 12 స్కూళ్లలో సబ్జెక్టుని బట్టి స్థాయి మార్చుకునే ఏర్పాటు పెట్టి చూశారు. 2020లో 28 స్కూళ్లలో పూర్తి పద్ధతి మొదలుపెట్టారు. 2024లో సెకండరీ ఒకటిలో చేరినవాళ్లతో పాత విభజన పోయింది. కొత్త సర్టిఫికెట్ పరీక్ష 2027లో. మన దగ్గర? తెలంగాణలో 2024 నవంబరు చివర్లో పదో తరగతికి 20 ఇంటర్నల్ మార్కులు ఆ ఏడాది నుంచే రద్దన్నారు, వెంటనే ఈ ఏడాదికి పాత పద్ధతేనన్నారు. పిల్లలు అప్పటికి సగం సంవత్సరం చదివేశారు.

ఇక అన్న ప్రశ్నకొద్దాం. ఆంధ్రాలో 2025 జూన్‌లో మొదలైన తల్లికి వందనంలో పిల్లకి 15,000 లెక్కకట్టి, 13,000 తల్లి ఖాతాలో వేసి 2,000 బడి నిర్వహణకి ఉంచుతున్నారు. ఇదికాక సమగ్ర శిక్ష కింద రెండు రాష్ట్రాల బడులకీ ఏటా గ్రాంటు ఉంటుంది. ఆ పథకం నిబంధనల ప్రకారం 30 మంది లోపు పిల్లలుంటే 10,000, వంద లోపైతే 25,000, 250 దాకా 50,000. అందులో కనీసం పదో వంతు శుభ్రతకి వాడాలి.

నా మాట అడిగితే, పంపడం ఆపకండి, దేనికి పంపుతున్నారో మార్చండి. బడి ఇచ్చే నోటు పుస్తకం మీరు మళ్లీ కొనక్కర్లేదు. బడి ఇవ్వనిది ఏంటో ఇంట్లో కనుక్కోండి: చదువుకునే కథల పుస్తకాలా, కళ్లద్దాలా, సాయంత్రం లెక్కలు చెప్పేవాళ్లా? ప్రోగ్రెస్ కార్డు ఫొటో వాట్సాప్‌లో వచ్చినా, ఆదివారం వీడియో కాల్‌లో పిల్లాడి చేత ఒక పేజీ తెలుగు చదివించండి, రెండు తీసివేతలు చేయించండి. ఎక్కడ ఆగాడో మీ ఆవిడకి చెప్పి, సోమవారం టీచరుని అదే అడగమనండి. బడి గ్రాంటు ఎంత వచ్చింది, దేనికి పెట్టారు అన్నది ఆంధ్రాలో స్కూల్ మేనేజ్‌మెంట్ కమిటీని, తెలంగాణలో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని అడగొచ్చు.