తెరచాప నీడలో సంసారం

సముద్రయానమన్న మాట చెవిని పడగానే మనలో చాలమందికి పెద్ద పెద్ద ఓడలు, రేవులు, సరుకుల బస్తాలు కనుల ముందు మెదలుతాయి. మరికొందరికి ఒంటరిగా సముద్రాలు దాటిన సాహసికులు జ్ఞప్తికి వస్తారు. ఈ రెండు కోవలకూ చెందని యాత్రికులు కూడ కొందరు లేకపోలేదు. ఒక భర్త, ఒక భార్య, ఇద్దరో ముగ్గురో పిల్లలు, ఒక్కొక్కప్పుడు ఒక పిల్లి. వీరు ఇల్లు అమ్మియో, అద్దెకిచ్చియో, 35, 40 అడుగుల తెరచాప పడవలో సామాను సర్దుకొని, రెండేండ్లు, మూడేండ్లు, అరుదుగా పదేండ్లు కూడ నీటిమీదనే కాపురం చేస్తారు. బ్రిటన్, ఫ్రాన్సు, అమెరికా, ఆస్ట్రేలియా మున్నగు దేశాలనుండి ఇట్టి కుటుంబాలు ఏటేటా బయలుదేరుతూనే ఉన్నవి. వీరిని గూర్చి చదివినప్పుడెల్ల మాకు ఒక సందేహం కలిగేది. తుఫాను ఏడాదికొకసారి వచ్చునో రాదో, వంట పని మాత్రం దినానికి మూడుమారులు వస్తుంది గదా! ఆ పని ఎట్లు జరుగుతున్నది? స్నానాల మాటేమి? పిల్లల చదువు ఏమి కావాలి? మేము ఈ వ్యాసంలో సాహసాన్ని కొంచెం పక్కకు జరిపి, ఆ ఇంటి సంగతులే చెప్పదలచుకొన్నాము.

40 అడుగుల పడవ అంటే పొడవులో ఇంచుమించు మన ఆర్.టి.సి. బస్సంత. వెడల్పు 12, 13 అడుగులు. అదియును నడుమ మాత్రమే. ఆ చోటులోనే వంటగది, పడకలు, మరుగుదొడ్డి, పటాలు పరచుకొనే బల్ల, పనిముట్లు, నెలల తరబడి తిండి సామగ్రి, విడి తెరచాపలు, పిల్లల పుస్తకాలు అన్నీ ఇమడవలెను. పోనీ ఈ ఇల్లు నిలకడగా ఉంటుందా అంటే అదీ లేదు. పక్కగాలి వీచినంతసేపు పడవ 15, 20 డిగ్రీలు ఒరిగి పరుగెత్తుతుంది. ఆ గాలి వారం రోజులు నిలిస్తే ఇల్లు వారం రోజులూ ఒరిగే ఉంటుంది. అందుచేత పొయ్యిని రెండు ఇరుసులమీద ఉయ్యాలవలె అమరుస్తారు. పడవ ఎటు ఒరిగినా పొయ్యి మట్టంగా నిలిచి గిన్నెలోనిది ఒలకకుండ కాపాడుతుంది. బల్లలకు, అలమారలకు అంచున చిన్న గట్లు ఉంటాయి. పడకకు ఒక పక్క గట్టి గుడ్డ బిగించి, నిద్రలో దొర్లిపడకుండ దానిని పైకి లాగి ముడివేస్తారు. తల్లి బిడ్డను తొట్టిలో పడుకోబెట్టినట్లు పెద్దవారు తమను తామే తొట్టిలో పెట్టుకొంటారన్నమాట.

ఇది ఈనాటి వేడుక మాత్రమే కాదు. జాషువా స్లోకం అనే అమెరికన్ కెప్టెన్ పేరు నావిక సాహిత్యం చదివినవారికి తెలిసే ఉంటుంది. ప్రపంచాన్ని తొలిసారి ఒంటరిగా చుట్టివచ్చినవాడు ఆయనే. అంతకు ముందు 1887 చివరలో ఆయన ఓడ బ్రెజిలు తీరాన మెరకపట్టి పగిలిపోయినది. అప్పుడు ఆయన వెంట భార్య హెట్టీ, కుమారులు విక్టరు, గార్ఫీల్డు ఉన్నారు. చేతిలో సొమ్ము లేదు. తండ్రీకొడుకులు అక్కడి కలపతో, పగిలిన ఓడలో మిగిలిన సామగ్రితో 35 అడుగుల పడవ నిర్మించుకొన్నారు. తెరచాపలు హెట్టీ కుట్టినది. 1888 మే 13వ తేదీన పడవను నీటిలోనికి దింపినారు. బ్రెజిలులో బానిసత్వం రద్దయిన దినమది. అందుచేత పడవకు పోర్చుగీసు భాషలో స్వేచ్ఛ అనే అర్థమిచ్చే ‘లిబర్దాదె’ అని పేరు పెట్టినారు. ఆ పడవలోనే ఆ నలుగురూ 5,000 మైళ్లకు పైగా ప్రయాణం చేసి స్వదేశం చేరినారు. తరువాత 1895లో స్లోకం ప్రపంచప్రదక్షిణకు బయలుదేరినప్పుడు హెట్టీ ఒడ్డుననే ఉండిపోయినది. ఆమె మనస్సులో ఏమున్నదో మనకు తెలియదు గాని, ఊహించుకొనటం కష్టం కాదు.

ఇక పడవ వేగం చెప్పితే నవ్వు వస్తుంది. సగటున గంటకు 5 నావికమైళ్లు, అనగా 9 కిలోమీటర్ల పైచిలుకు. మన సైకిలువాడు దీనిని అవలీలగా దాటిపోగలడు. అయితే సైకిలువాడు రాత్రి నిద్రపోతాడు, గాలి నిద్రపోదు. రాత్రింబవళ్లు సాగటంచేత పడవ రోజుకు 120 నావికమైళ్లు పోతుంది. ఆఫ్రికా పడమటి తీరాన ఉన్న కానరీ దీవులనుండి అట్లాంటిక్ దాటి కరిబియన్ దీవులు చేరటానికి సుమారు 2,700 నావికమైళ్లు. హరికేనుల ఋతువు ముగియవచ్చే నవంబరు, డిసెంబరులలో బయలుదేరి, వాణిజ్యపవనాలను వెన్నుదన్నుగా చేసికొని పోతే ఇంచుమించు మూడు వారాల ప్రయాణం. ఈ మూడు వారాలలో అంగడి లేదు, కుళాయి లేదు.

ఇప్పుడు నీళ్ల లెక్క చూడండి. నలుగురున్న పడవలో 400 లీటర్ల తొట్టి ఉన్నదనుకొందాము. గాలి పడిపోయి ప్రయాణం ఆలస్యమైతే అన్న భయంతో మూడోవంతు నిల్వ ఉంచవలెను. మిగిలినది 267 లీటర్లు. నలుగురికి 21 రోజులకు పంచితే తలకు రోజుకు మూడు లీటర్ల చిల్లర! త్రాగటం, వంట, పండ్లు తోముకొనటం అన్నీ ఇందులోనే. వేసవిలో ట్యాంకరు రాని దినాన మనిషికొక బకెట్టు అని హద్దు విధించినప్పుడు మా వసతిగృహంలో ఎంత గొడవ జరిగినదో మాకు బాగా జ్ఞాపకం. ఆ ఒక్క బకెట్టు ఈ పడవలో ఒక మనిషికి అయిదారు రోజుల గ్రాసం. అందుచేత వీరు గిన్నెలు సముద్రపు నీటితో తోమి, చివర మాత్రం మంచినీటితో తొలుపుతారు. స్నానం సముద్రపు నీటితో చేసి, ఒంటిమీద ఉప్పు పోయేటంతవరకు ఒక చెంబెడు మంచినీరు పోసికొంటారు. బంగాళాదుంపలు ఉడకబెట్టేటప్పుడు కొంత సముద్రపు నీరు కలుపుతారు. వేరే ఉప్పు వేయనక్కరలేదు. కుళాయి తిప్పితే నీరు ధారగా పోతుంది గనుక, చాల పడవలలో కాలితో తొక్కే పంపు పెట్టుకొంటారు. తొక్కినంతసేపే నీరు వస్తుంది. కాలికి తెలిసిన పొదుపు చేతికి తెలియదు కాబోలు. వాన వస్తే తెరచాపలనుండి, గుడారపు గుడ్డలనుండి జారే నీటిని పట్టుకొంటారు. మొదటి వాన గుడ్డమీది ఉప్పును కడుగుతుంది గనుక దానిని పారబోసి, తరువాతి నీటినే తొట్టిలోనికి విడుస్తారు. సముద్రపు నీటిని గొప్ప ఒత్తిడితో పలుచని పొరగుండా నెట్టి మంచినీరు తీసే యంత్రాలు నేడు చాల పడవలలో ఉన్నవి. లీటరుకు 35 గ్రాముల ఉప్పును వేరుచేయవలెనంటే విద్యుత్తు బాగా కావలెను. యంత్రం నడిసముద్రంలో మొరాయించనూవచ్చును. అందుచేత తెలిసినవారు యంత్రం ఉన్నా తొట్టి నింపుకొనే బయలుదేరుతారు.

నీటి విలువ ఎంతటిదో రాబర్ట్‌సన్ కుటుంబానికి తెలిసినట్లు మరెవరికీ తెలియదేమో. ఇంగ్లండులో పాడిపశువుల పెంపకంతో జీవించిన డూగల్ రాబర్ట్‌సన్, ఒకప్పుడు నర్సుగా పనిచేసిన ఆయన భార్య లిన్, తమ వ్యవసాయ క్షేత్రాన్ని అమ్మి ‘లూసెట్’ అనే కొయ్యపడవ కొన్నారు. 1971 జనవరిలో పిల్లలతో బయలుదేరినారు. కుమార్తె నడుమనే దిగిపోయినది. 1972 జూన్ 15న గాలపాగోస్ దీవులకు పడమరగా సముద్రంలో హంతక తిమింగలాలు పడవ అడుగును పొడిచినవి. నిమిషాలలో లూసెట్ మునిగిపోయినది. డూగల్, లిన్, పెద్దకొడుకు డగ్లస్, కవలపిల్లలు నీల్, శాండీ, మరొక యువకుడు, వెరసి ఆరుగురు గాలి నింపిన తెప్పమీద, అది చెడిపోయిన పిమ్మట చిన్న డింగీలో, మొత్తం 38 రోజులు గడిపినారు. వాననీరు పట్టుకొన్నారు, తాబేళ్లను పట్టి, వాటి మాంసం ఎండబెట్టి తిన్నారు, వాన లేనప్పుడు తాబేటి రక్తం త్రాగినారు. జూలై 23న ఒక జపాను చేపల ఓడ వారిని చూచి ఎక్కించుకొన్నది. ఆరుగురూ బ్రతికినారు. పడవ మునిగే నిమిషంలో ఏది ముందు చేతికందవలెనో ఇంటిలోని ప్రతివారికీ తెలిసి ఉండవలెనని ఈ సంఘటన తరువాత సముద్రయాత్రికులు మరింతగా గ్రహించినారు. నీటి డబ్బాలు, చేపలు పట్టే గాలాలు, సంకేతపు బాణసంచా ఒక సంచిలో కట్టి చేతికందేచోట ఉంచటం నేటికీ ఆచారం.

భోజనం సంగతి ఇంత విస్తరించనక్కరలేదు. ఉల్లి, బంగాళాదుంప, క్యాబేజి, నిమ్మకాయలు చాలకాలం నిలుస్తాయి. గ్రుడ్లకు వేజలైను పూసి, రెండు మూడు రోజులకొకమారు తిరగవేస్తూ ఉంటే మంచుపెట్టె లేకుండనే వారాల తరబడి చెడవు. మన ఇండ్లలో ఈల వేసే ప్రెషరు కుక్కరే అక్కడా రాణి. గ్యాసు, నీరు రెండూ ఆదా, మూత బిగింపు గనుక పడవ కుదుపునకు ఒలకదు. గ్యాసు విషయంలో మాత్రం ఒక భయం కలదు. వంటగ్యాసు గాలికంటె బరువైనది. ఇంటిలో కిటికీ తెరిస్తే పోతుంది. పడవలో కారితే అడుగునకు దిగి అక్కడే పేరుకొంటుంది, ఒక్క నిప్పురవ్వ చాలు. కనుక సిలిండరును వేరే అరలో ఉంచి, ఆ అరకు అడుగున సముద్రంవైపు రంధ్రం పెడతారు. వంట కాగానే సిలిండరు కట్టివేయటం ఆ ఇంటిలో దేవుని దీపమంత నియమం.

నిద్ర కూడ ఆ ఇంటిలో కొలతప్రకారమే. నడిసముద్రంలో లంగరు అందదు. పడవ నడుస్తూనే ఉంటుంది. 1960 ప్రాంతాన బ్లాండీ హాస్లర్ అనే ఆంగ్లేయుడు రూపొందించిన గాలిరెక్క వంటి పరికరాలు చుక్కానిని తామే త్రిప్పుతాయి గాని, ఎదురువచ్చే ఓడను అవి చూడలేవు. దిగంతంలో దీపం కనబడిన పెద్ద ఓడ పావుగంటలో మీదికి రావచ్చును. ఎల్లవేళలా ఒకరు కనిపెట్టి ఉండవలెనని 1972 అంతర్జాతీయ నియమావళి శాసిస్తున్నది. కనుక భార్యాభర్తలు మూడు గంటలకొకరు వంతుగా మేలుకొంటారు. ఆయన లేచినప్పుడు ఆమె పడుకొంటుంది. ఆమె లేచినప్పుడు ఆయన. ఒకే పడవలో మూడు వారాలు కాపురం చేసి కూడ ఇద్దరూ కూర్చుండి మాట్లాడుకొనేది ఒక్క సాయంత్రపు భోజనం వేళనే. ఉపగ్రహాల సాయంతో స్థలం తెలిపే పరికరాలు, ఓడల రాకను సూచించే పరికరాలు నేడు చాల ఊరటనిస్తున్నవి. అయినను తెల్లవారుజాము మూడు గంటలకు వెచ్చని పడకనుండి లేవటం మాత్రం ఏ పరికరమూ తప్పించలేదు.

రేవు చేరిన తరువాత పసుపుజెండా ఎత్తి, ఆరోగ్యాధికారుల, సుంకపు అధికారుల అనుమతికై వేచి ఉండవలెను. ఆపైన బట్టలుతుకుట, మరమ్మతులు, మళ్లీ నీళ్లు. ఇచ్చట మా కళాశాల పాఠకులకు ఒక చిన్న ముచ్చట. లంగరు అన్న మాట ఉర్దూలోనూ తెలుగులోనూ ఒక్కటే. పారసీకంనుండి రెండు భాషలకూ వచ్చినది. హిందూమహాసముద్రపు పాత ఓడలలో త్రోవ చూపే నావికుని ముఅల్లిం అనేవారు. తమిళుల మాలుమి ఆ మాటే. ఉర్దూ చదివిన మన మిత్రులకు ముఅల్లిం అంటే ఉపాధ్యాయుడని చెప్పనక్కరలేదు. పడవలో చుక్కాని పట్టేవారే పాఠం చెప్పవలసిన ఈ కుటుంబాలకు ఆ పేరు రెండు విధాల తగును.

పిల్లల చదువు అన్నిటికంటె చిక్కు సమస్య. అమెరికా కుటుంబాలలో చాలమంది బాల్టిమోరు నగరంలోని కాల్వర్టు పాఠశాల 1906లో ప్రారంభించిన తపాలా పాఠాలను ఉపయోగించేవారు. పెట్టెలో పుస్తకాలు, పెన్సిళ్లు, తల్లిదండ్రులు ఏ దినాన ఏమి చెప్పవలెనో వివరించే గ్రంథం వచ్చేవి. వ్రాసిన పరీక్షపత్రాలు తరువాతి రేవులో తపాలా పెట్టెను చేరేవి. జవాబు ఆ పై రేవులో దొరికితే అదృష్టం. సాధారణంగా ఉదయం రెండు మూడు గంటలు బడి. సముద్రం బాగుంటేనే సుమా. ఈ పిల్లలు నక్షత్రాలను, మేఘాలను, చేపలను, నాలుగు దేశాల నాణేలను ఎరిగినవారవుతారనటంలో సందేహం లేదు. డెక్కుమీద అడుగుపెట్టేముందు నడుముకు తాడు తగిలించుకొనటం వారికి చెప్పులు తొడుగుకొన్నంత సహజమవుతుంది. అయితే ఈడు పిల్లలతో స్నేహం రేవుకొకటి, లంగరెత్తగానే తెగిపోతుంది. ఈ జీవితాన్ని పొగిడే పుస్తకాలు చాలవరకు తండ్రులు, తల్లులు వ్రాసినవే. పిల్లలు పెద్దవారై వ్రాసినది కూడ చదవటం న్యాయం.

అట్టిది సుజాన్ హేవుడ్ అనే ఆంగ్ల వనిత 2023లో ప్రకటించిన ‘వేవ్‌వాకర్’ అనే స్వీయచరిత్ర. కెప్టెన్ కుక్ మూడవ సముద్రయాత్రకు రెండువందల ఏండ్లు నిండిన సందర్భంగా ఆ మార్గాన్నే అనుసరించవలెనని ఆమె తండ్రి సంకల్పించినాడు. 1976లో కుటుంబమంతా పడవెక్కినప్పుడు ఆమెకు ఏడేండ్లు. మూడేండ్ల యాత్ర అని చెప్పినారు, అది పదేండ్లయినది. దక్షిణ హిందూమహాసముద్రంలో ఒక మహాతరంగం పడవను విరుచుకొనిపడినప్పుడు ఆ పిల్ల తల పగిలి, ముక్కు విరిగినది. ఆమ్‌స్టర్‌డాం అనే చిన్న ఫ్రెంచి దీవి చేరిన తరువాత అక్కడి వైద్యుడు మత్తుమందు లేకుండనే పలుమారులు శస్త్రచికిత్స చేసినాడు. కాని పుస్తకం చదువుతుంటే ఆ గాయంకంటె మరొకటి మమ్ము ఎక్కువ కలచివేసినది. ఆడపిల్ల గనుక వంట, పాత్రలు తోమటం ఆమె వంతైనది. బడి లేదు, చదువుకొనే చోటు లేదు. తానే పట్టుబట్టి తపాలా పాఠాలలో చేరి, ఊగే పడవలో, పని ముగిసిన వేళల చదువుకొన్నది. పదహారేండ్ల ప్రాయంలో తల్లిదండ్రులు ఆమెను, తమ్ముణ్ణి న్యూజీలండులో ఒక ఇంటిలో ఉంచి తాము మళ్లీ సముద్రంమీదికి వెళ్లినారు. తమ్మునికి వండిపెడుతూ ఆమె పాఠాలు కొనసాగించినది. ఇంగ్లండులోని విశ్వవిద్యాలయాలకు తానే ఉత్తరాలు వ్రాసుకొన్నది. ఆక్స్‌ఫర్డునుండి మౌఖిక పరీక్షకు రమ్మని పిలుపు వచ్చినది. ఏండ్ల తరబడి తరగతి గదిలో కూర్చుండి ఎరుగని ఆ బాలిక సోమర్‌విల్ కళాశాలలో సీటు సంపాదించి జంతుశాస్త్రం చదివినది. తరువాత కేంబ్రిడ్జిలో డాక్టరేటు పట్టం పొందినది.