తెరమీది తెలుగక్షరము - రంగుల నేపథ్యము

మన పూర్వులు గంటముతో గీసి మసి పూసిన తాటాకును చదివిరి. మన తండ్రులు అచ్చు పుస్తకమును చదివిరి. నేటి బాలురు సెల్‌ఫోను తెరను చదువుచున్నారు. హోసూరు, బరంపురము, షోలాపురము వంటి తావులలో నివసించు తెలుగు పిల్లవానికి వీధిలో కనబడు బోర్డులలో హెచ్చుపాలు అన్యభాషలవే. అట్టివానికి తెలుగక్షరము తరచుగా ఎదురగు చోటు ఈ తెరయే. కావున తెరపై చదువు సుకరమగుటెట్లను ప్రశ్న మనకు చిన్నది కాదు.

తెల్లని తెర యనగా ఎఱుపు, ఆకుపచ్చ, నీలి వెలుగులు మూడును నిండుగా కలసిన వెలుగు. రంగు ఫిల్టరు అందొకదానిని గాని రెండింటిని గాని తగ్గించును. అప్పుడు నేపథ్యము మీగడరంగుగనో లేత నీలిగనో తోచును. మొత్తము వెలుగును కొంత తగ్గును. ఈ సదుపాయము నేటి ఫోనులలోను కంప్యూటరులలోను ఉచితముగనే లభించుచున్నది. మీగడరంగు మనకు కొత్తదియు కాదు. మన తాటాకు ఏనాడును తెల్లనిది కాదు.

రంగు రేకులచే చదువు మెరుగగునను వాదమును 1980లో న్యూజీలాండు దేశీయురాలు ఆలివ్ మియర్స్, 1983లో అమెరికాలో హెలెన్ అర్లెన్ ముందుకు తెచ్చిరి. పిదప రంగు కళ్లద్దముల వాడుక వ్యాపించెను. అయితే పరీక్షలు ఈ వాదమును బలపరుపలేదు. చదువులో వెనుకబడిన 61 మంది స్కాట్లండు బాలబాలికలపై జరిపి 2011లో ప్రకటించిన పరిశోధనలో రంగు రేకుల వలన తత్‌క్షణ ప్రయోజనము కానరాలేదు. అమెరికా శిశువైద్యులును నేత్రవైద్యులును 2009లో చేసిన ఉమ్మడి ప్రకటనయు రంగుటద్దములను చికిత్సగా సమర్థింపలేదు. డిస్లెక్సియా ప్రధానముగా ధ్వనికిని అక్షరమునకును లంకె కుదురకపోవుట వలన కలుగు చిక్కు; అది కంటి జబ్బు కాదు.

అట్లని ఫిల్టరు నిరుపయోగమని చెప్పరాదు. మిక్కిలి ప్రకాశించు తెర కంటికి శ్రమ కలిగించినప్పుడు లేతరంగు హాయి గూర్చవచ్చును. హాయి వేరు, చదువ నేర్చుట వేరు. ఈ భేదమును మరువరాదు.

మన లిపి విషయమున మరియొక జాగ్రత్త అవసరము. ప-ఫ, ద-ధ జంటలను వేరుపరచునది క్రింది చిన్న గీత. ధ-థలను వేరుపరచునది నడిమి చుక్క. గుడికిని గుడిదీర్ఘమునకును భేదము చిన్న మెలిక. నేపథ్యము ముదురైనచో ఈ సూక్ష్మచిహ్నములే ముందుగా మాయమగును. అక్షరమునకును నేపథ్యమునకును నడుమ కాంతి నిష్పత్తి సామాన్యముగా 4.5:1కి తగ్గరాదని 2008 నాటి అంతర్జాల సౌలభ్య ప్రమాణము చెప్పుచున్నది. తెలుపుపై నలుపునకు ఆ నిష్పత్తి 21:1. లేత మీగడరంగుపై నల్లని అక్షరము ఈ హద్దును సునాయాసముగా దాటును. పసుపుపై బూడిదరంగు అక్షరము దాటకపోవచ్చును. అంతకంటె ముందు అక్షర పరిమాణమును పెంచి, వత్తులు క్రింది పంక్తిని తాకకుండ పంక్తుల నడుమ ఎడము పెంచుట మేలు.

రంగు ఉపకరించునో లేదో ఇంటిలోనే చూడవచ్చును. సమానమైన కాఠిన్యము గల రెండు కొత్త పాఠ్యభాగములను గైకొని, ఒకటి తెల్లని తెరపై, ఒకటి బిడ్డ కోరిన లేతరంగుపై, ఒక్కొక్క నిమిషము బిగ్గరగా చదివింపుడు. సరిగా చదివిన పదములను లెక్కింపుడు. మరునాడు వేరు భాగములతో వరుస మార్చి చేయుడు. ఇట్లు నాలుగైదు దినములు చూచినగాని తీర్పు చేయరాదు. ఒకనాటి ఉత్సాహము రంగు మహిమగా కనబడవచ్చును.

బిడ్డ అక్షరములు మసకగా ఉన్నవనినను, తలనొప్పి యనినను, ముందు కంటివైద్యునికి చూపవలెను. బడిలో కన్నడమో తమిళమో ధారాళముగా చదువుచు తెలుగున మాత్రమే తడబడు బిడ్డకు చాలక పోయినది చాలమారు రంగు కాదు, పరిచయము. ఖరీదైన కళ్లద్దములకు వెచ్చించు ధనముతో నాలుగు తెలుగు కథల పుస్తకములు కొని, దినమునకు పావుగంట ప్రక్కన కూర్చుండి చదివించినచో ఆ లోపము తీరును. ఫిల్టరు కంటికి నీడ పట్టగలదు. అక్షరమును పరిచయము చేయవలసినవారము మనమే.