వేలంపాటలో ఒక్క మాట

‘వేలంవెర్రి’ అన్న మాటకు అర్థం ఇరవై ఏళ్ళుగా క్లాసులో చెబుతూనే ఉన్నాను. అది నాకు నిజంగా బోధపడింది మాత్రం నాలుగేళ్ళ క్రితం, ఒక పాత జమీందారీ ఇంట్లో సామాను వేలం వేసిన రోజున.

పిల్లలు తలా ఒక దేశంలో స్థిరపడ్డారు. పెద్దావిడ ఒక్కరే మిగిలారు. ఇల్లు అమ్మేశారు. అద్దాల బీరువాలు, గోడగడియారాలు, రవివర్మ అచ్చుబొమ్మలు, పింగాణీ పళ్ళేలు నంబరు చీట్లు అంటించుకుని హాలులో బారులు తీరాయి. ఊరికే చూసిపోదామనే వెళ్ళాను. ముప్ఫై ఏడో నంబరు దగ్గర కాళ్ళు ఆగిపోయాయి. నల్లని ఒంటిమీద తెల్లని తీగలూ పువ్వులూ అల్లుకున్న హుక్కాబుడ్డి అది. ఎనిమిది వేలు దాటకూడదని మనసులో ఒట్టు పెట్టుకున్నాను.

పాట మొదలైంది. వేలాన్ని ‘పాట’ అన్నవాడెవరో గాని రసజ్ఞుడే. ఎదుటివాడు శ్రుతి పెంచితే మనమూ పెంచకుండా ఉండలేం. మూలనున్న ఒక పెద్దమనిషి తొమ్మిది వేలన్నాడు. నేను పదన్నాను. ఆయన పన్నెండన్నాడు. అంతటి మనిషి అడుగుతున్నాడంటే వస్తువులో ఏదో ఉండే ఉంటుందనుకున్నాను. నా కళ్ళద్దాలు చూసి ఆయన కూడా అదే అనుకుంటున్నాడేమోనని నాకు తట్టలేదు. ఒకటోసారి, రెండోసారి, మూడోసారి! ఇరవై రెండు వేలకు బుడ్డి నాదైంది.

వసారాలో కూర్చున్న పెద్దావిడ నన్ను పలకరించారు.

“ఆ బుడ్డి మీరు తీసుకున్నారా, మాస్టారూ? అది మా వారు ఏదో ఎగ్జిబిషనులో కొన్నారు. అసలు బిదరీ పని మా అత్తగారి తమలపాకుల పెట్టె. అది రెండు వేలకే పోయిందిట.”

ఆవిడ గొంతులో నిష్ఠూరమేమీ లేదు. కళ్ళు మాత్రం పెట్టె పట్టుకెళ్ళే మనిషి వెంట గేటుదాకా వెళ్ళాయి.

ఇంటికొచ్చాక మా ఆవిడ కొబ్బరినూనె అద్దిన గుడ్డతో బుడ్డిని తుడిచింది. నలుపంతా గుడ్డకు వచ్చేసింది. అడుగున పచ్చగా ఇత్తడి కనిపించింది. “ఇరవై రెండు వేలు పోసి బూటుపాలిషు కొన్నారన్నమాట!” అంది.

అప్పుడు తీరిగ్గా కేటలాగు తీశాను. అందులో అబద్ధమేమీ లేదు. ‘బిదరీ తరహా హుక్కాబుడ్డి’ అని స్పష్టంగా ఉంది. పద్యంలో ఒక్క మాట కూడా వదలకండని పిల్లలకు చెప్పే నేనే, ఆ ‘తరహా’ను వదిలేశాను.

అసలు బిదరీ సంగతి వేరు. జింకులో కాస్త రాగి కలిపి పాత్ర పోతపోస్తారు. దానిమీద ఉలితో గాళ్ళు తీసి, వెండితీగనూ వెండిరేకునూ అందులో కొట్టి కూర్చుతారు. చివర బీదరు కోటలోని పాతమట్టిని నవాసారంతో కలిపి కాచి పట్టిస్తారు. లోహం నల్లబడుతుంది, వెండి తెల్లగానే నిలుస్తుంది. ఆ నలుపు పూసిన రంగు కాదు, లోహంలోనే పుట్టినది. నూనెతో తుడిస్తే ఇంకా నిగనిగలాడుతుంది గాని గుడ్డకు అంటదు.

పెద్ద వేలంశాలల్లోనూ మాటదే పెత్తనం. లండనులో 1744లో మొదలైన సోత్‌బీస్, 1766లో మొదలైన క్రిస్టీస్ వంటి చోట్ల ‘ఫలానా వారు గీసిన చిత్రం’ అంటే ఒక ధర, ‘ఫలానా వారిదని భావిస్తున్న చిత్రం’ అంటే ఒక ధర, ‘ఫలానా వారి ఫక్కీలో’ అంటే మరొక ధర. పైగా పాడిన ధరతో లెక్క తీరదు. దానిమీద కొన్నవారు ఇచ్చుకోవలసిన కమిషను, పన్ను ఉంటాయి. ఒట్టు పెట్టుకునేవారు ఇవన్నీ కలిపి పెట్టుకోవాలి.

మాట తర్వాత చూడవలసింది వస్తువు పుట్టుపూర్వోత్తరాలు. హుస్సేన్ 1954లో వేసిన ‘గ్రామయాత్ర’ను ఆనాడే ఒక డాక్టరు కొని నార్వే తీసుకువెళ్ళాడు. 1964లో అది ఓస్లోలోని ఒక ఆస్పత్రికి చేరి, అక్కడి గోడమీద దశాబ్దాలు ఉండిపోయింది. 2025 మార్చిలో న్యూయార్కు క్రిస్టీస్ వేలంలో కోటీ ముప్ఫై ఏడు లక్షల యాభై వేల డాలర్లు పలికింది. అది ఏ చేతినుంచి ఏ చేతికి వెళ్ళిందో చెప్పగలగడం కూడా అలాంటి చిత్రానికి బలమే.

మన ఇళ్ళలో ఈ పుట్టుపూర్వోత్తరాలు కాగితాలమీద ఉండవు, ముసలివాళ్ళ నోళ్ళలో ఉంటాయి. వేలం వేసినవారు ఆ పెద్దావిడను ఒక్క మాట అడిగి ఉంటే, పెట్టె రెండు వేలకు పోయేది కాదు. అసలు అమ్మకానికే వచ్చేది కాదేమో. మీ ఇంట్లో అటువంటి వస్తువుంటే, పెద్దవాళ్ళు ఉండగానే దాని కథ అడిగి నాలుగు ముక్కలు రాసిపెట్టుకోండి. వందేళ్ళు దాటినదైతే 1972 నాటి చట్టం ప్రకారం దేశం దాటించకూడదన్నది కూడా గుర్తుంచుకోండి.

ఇక కొనాలనుకునేవారు ముందు హైదరాబాదులో సాలార్‌జంగ్ మ్యూజియానికి వెళ్ళి అసలు బిదరీ పని చూసి రావాలి. 1914లో దివాను పదవి వదిలిన మూడో సాలార్‌జంగ్ మీర్ యూసుఫ్ అలీఖాన్, 1949లో కన్నుమూసేదాకా వస్తువులు పోగుచేస్తూనే ఉన్నారు. ఆయనకు సంతానం లేదు. ఆ సంపదంతా నంబరు చీట్లు అంటించుకుని చెల్లాచెదరు కావలసిందే. అలా జరగలేదు. 1951 డిసెంబరులో నెహ్రూ చేతుల మీదుగా అది మ్యూజియమైంది, 1961లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం గల సంస్థ అయింది. ఒక్కరి ముచ్చట అందరి ఆస్తి అయింది.

ఆ పెద్దావిడ పెట్టె ఇప్పుడు ఎవరింట ఉందో! మా బుడ్డిలో మాత్రం మా ఆవిడ అగరవత్తులు పెడుతోంది. వచ్చినవాళ్ళు ఆగి, “బిదరీయేనా?” అని అడుగుతారు. నేను నోరు విప్పేలోపలే తను అందుకుంటుంది:

“తరహా అండీ!”