ఊపిరితిత్తుల చుట్టూ నీరు: టీబీయా, మెసోథెలియోమానా? ల్యాబ్‌లో ఎలా తేలుస్తారు?

మా హుకుంపేట వైపు సిమెంట్ రేకుల ఇళ్లు చూసే ఉంటారు. ఆ రేకుల్లో సాధారణంగా రాతినార, అంటే ఆస్‌బెస్టాస్ ఉంటుంది. దాని దుమ్ము పీల్చినవాళ్లకి ఇరవై, నలభై ఏళ్ల తర్వాత కూడా ఊపిరితిత్తుల మీది పొరకి కేన్సర్ రావచ్చు. అదే మెసోథెలియోమా. కంగారు పడకండి, చాలా అరుదు. పగలని రేకు కింద ఉంటే ముప్పు బాగా తక్కువ. రేకులు కోసేవాళ్లకి, ఫ్యాక్టరీల్లో, గనుల్లో చేసినవాళ్లకే ఎక్కువ. పులివెందుల దగ్గర బ్రాహ్మణపల్లిలో రాతినార గనులు ఉండేవి, తెలుసా?

సరే, ఒకాయనకి ఆయాసం. ఎక్స్‌రేలో ఒక పక్క నీరు. డాక్టర్ ముందు టీబీ అనుకుంటారు. కరెక్టే, మన దగ్గర అదే ఎక్కువ. నీరు తీసి ల్యాబ్‌కి పంపుతారు. చిక్కంతా ఇక్కడే. ఈ కేన్సర్ కణాలు ఆ నీటిలో దొరక్కపోవచ్చు. దొరికినా, ఇన్ఫెక్షన్‌తో ఉబ్బిన మామూలు పొర కణాల్లాగే కనిపిస్తాయి. అందుకే "నీటిలో కేన్సర్ లేదు" అన్న రిపోర్టుతో కథ అయిపోదు. టీబీ మందులు వాడుతున్నా నీరు మళ్లీ మళ్లీ చేరుతుంటే, పక్కటెముకల మధ్య చిన్న కన్నం పెట్టి, కెమెరాతో చూస్తూ పొర ముక్క తీయాలి.

ఆ ముక్కను మైనంలో బిగించి, వెంట్రుక కంటే పల్చగా కోసి, రంగు వేసి మైక్రోస్కోప్ కింద పెడతారు. పాథాలజిస్ట్ ముఖ్యంగా వెతికేది ఒకటుంది: కణాలు పొర మీదే ఆగాయా, కింది కొవ్వులోకి చొరబడ్డాయా? నిజంగా చొరబడితే కేన్సరే.

ఏ కేన్సర్? దీనికి ఇంకో రకం రంగులు. కాల్‌రెటినిన్, డబ్ల్యూటీ-1 పడితే పొర కణాల వైపు మొగ్గు. టీటీఎఫ్-1 పడితే ఊపిరితిత్తి కేన్సర్ వైపు, క్లాడిన్-4 పడితే అక్కడిదో వేరే చోటిదో కార్సినోమా వైపు. ఒక్క రంగునే నమ్మరు, అటు రెండు, ఇటు రెండు కలిపి చూస్తారు. మా కోడింగ్‌లోనూ అంతే, ఒక్క టెస్ట్ కేస్ పాసైందని రిలీజ్ చేయం కదా! బీఏపీ-1 అనే ప్రొటీన్ పొర కణాల కేంద్రకంలో కనిపించకపోతే కేన్సర్ అనడానికి గట్టి ఆధారం. కనిపించినంత మాత్రాన కేన్సర్ కాదని మాత్రం అనలేరు.

ఇంకోటి. పాథాలజిస్ట్ పేషెంట్‌ని చూడరు, చీటీ చూస్తారు. నాన్నో తాతో ముప్పై ఏళ్ల కిందట రేకుల పనికి వెళ్లి ఉంటే డాక్టర్‌కి చెప్పండి, చీటీ మీద రాయించండి. పాడేరు నుంచి విశాఖ కేజీహెచ్‌కో, ఇంకో పెద్దాసుపత్రికో పంపితే, స్లైడ్లతో పాటు మైనం బ్లాక్ కూడా అడిగి తీసుకెళ్లండి. చాలాసార్లు దానిమీదే మళ్లీ టెస్టులు చేస్తారు, కొత్తగా ముక్క తీయక్కర్లేదు. ఎండలో బండి డిక్కీలో మాత్రం పెట్టకండి, మైనం కదా!