మిల్లు నేర్పిన రుచిని మిల్లే మరపింపవలెను



మన కోనసీమలో పెండ్లిపందిట విస్తరి ముందు కూర్చుండిన బంధువు, వడ్డించిన అన్నమును చూచి "మల్లెపూవులా ఉందండీ" అనినచో ఆ గృహస్థునకు కలుగు సంతోషము చెప్పనలవి కాదు. అన్నము కొంచెము ఎఱుపు తిరిగియుండిన యెడల ఆయన తల వంచుకొనును. అయితే ఈ తెలుపుమీది మోజు మనకు తాతముత్తాతలనుండి వచ్చినది కాదు. వారు రోట దంచిన బియ్యము వండుకొనిరి, గంజి త్రాగిరి, తరవాణి కుండ నిలుపుకొనిరి. మిల్లులు వచ్చిన పిమ్మట బియ్యము తెల్లబడెను. బియ్యముతోపాటు మన అభిరుచియు మారెను. ఆహారపదార్థములు తయారుచేసి అమ్మువారు ప్రజల తిండిని ఎంతగా మార్చగలరో తెలిసికొనుటకు దూరపు దృష్టాంతము అక్కరలేదు. మన విస్తరియే చాలును. చెడుగునకు మార్చగలిగినవారు మంచికిని మార్చగలరు. ఈ మాసమునందు మేము విన్నవింపదలచినది ఇదియే.

మొదట గింజ సంగతి చూతము. వడ్లగింజకు పైనున్న ఊక తీసినచో మిగులునది ముడిబియ్యము. దానిమీద పలుచని గోధుమవన్నె పొరలును, ఒక కొనయందు మొలకయు ఉండును. వీనిని మరలో ఒరసి తీయుటయే పట్టు వేయుట. నేడు అందరును పాలిష్ అనుచున్నారు. ఇట్లు రాలినది తవుడు. గింజలోని నూనె, పీచు, ఇనుము మొదలగు లవణములు, బి వర్గపు విటమినులు అధికభాగము ఈ తవుటియందే యున్నవి. బాగుగా పట్టువేసిన పచ్చిబియ్యమున, ముడిబియ్యమందలి బి1 విటమినులో ఇంచుమించు అయిదవవంతు మాత్రమే మిగులును. ఆ మిగిలినదానిలోను కొంత కడుగునీళ్ళతోను, కొంత వార్చిన గంజితోను పోవును. ఈ లెక్కను బట్టి మన గేదెలు మనకంటె మేలైన భోజనము చేయుచున్నవని చెప్పవలెను.

ఇది నవ్వి ఊరకుండదగిన మాట కాదు. ఒకప్పుడు ఈ తెలుపు ప్రాణములు తీసెను. బెరిబెరి యను వ్యాధి ఉత్తర సర్కారుల తీరమున నాటుకొనియుండెను. కాళ్ళు మొద్దుబారుట, ఉబ్బుట, గుండె బలహీనమగుట దాని లక్షణములు. బి1 కొఱవడిన తల్లుల పాలు త్రాగుచు, పైకి బొద్దుగా కనబడు శిశువులు కొన్ని నెలలకే హఠాత్తుగా మరణించెడివారు. జావా ద్వీపమున ఐక్‌మన్ అను వైద్యుడు 1890 తరువాతి సంవత్సరములలో కోళ్ళకు తెల్లబియ్యము పెట్టి ఇట్టి వ్యాధి కలుగుటయు, పట్టు వేయని బియ్యముతో నయమగుటయు కనుగొనెను. అందులకై ఆయనకు 1929లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున మెకారిసన్, నారిస్ అనువారు బియ్యమునకును బెరిబెరికిని గల సంబంధమును గూర్చి 1924లో గ్రంథము ప్రకటించిరి. కూనూరు పరిశోధనాలయమున ఎక్రాయిడ్‌గారును, వారి సహచరులును 1940లో దేశమందలి బియ్యపు సమస్యనంతను విచారించిరి. ఆ పరిశోధనాలయమే 1958లో హైదరాబాదునకు తరలి, నేడు జాతీయ పోషకాహార సంస్థ యను పేర ప్రసిద్ధమైయున్నది.

వారు గమనించిన విషయ మొకటి మనము మరువరాదు. అరవదేశమునను మలయాళదేశమునను బియ్యమే ముఖ్యాహార మైనను బెరిబెరి మన తీరమందువలె కనబడలేదు. కారణ మేమన, వారు ఉప్పుడు బియ్యము తినుచుండిరి. మనవారు మరపట్టిన పచ్చిబియ్యము తినుచుండిరి. వడ్లను నానబెట్టి ఆవిరిలో ఉడికించి ఆరబోయునప్పుడు పైపొరలలోని బి1 గింజలోనికి దిగును. తరువాత పట్టు వేసినను సగమునకు పైగా నిలుచును.

ఇప్పటి వింత చూడుడు. దాళ్వాలో గోదావరి డెల్టా రైతులు పండించు బొండాలు, అనగా ఎం.టి.యు. 3626 రకము, ఉప్పుడు బియ్యమై కేరళకు పోవును. సార్వాలో స్వర్ణ పండించి అమ్మివేసి, ఆ సొమ్ముతో అంగడినుండి సన్నని తెల్లబియ్యపు బస్తా తెచ్చుకొను ఇండ్లు మన గ్రామములలో ఎన్ని లేవు? మారుటేరు పరిశోధనా స్థానమునుండి 1982లో విడుదలయైన ఆ స్వర్ణయే, అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థవారు 235 రకములు పరీక్షించి 2012లో ప్రకటించిన ఫలితములలో, రక్తమున చక్కెరను మెల్లగా పెంచు రకములలో నొకటిగా నిలిచెను. మంచిది మనమే పండింతుము. మంచిది మనమే పంపివేయుదుము.

నేడు బెరిబెరి అరుదైనది. దాని స్థానమున మధుమేహము వచ్చినది. 2023లో ప్రకటింపబడిన భారత వైద్య పరిశోధనా మండలివారి గణనలో దేశమున 10.1 కోట్లమంది మధుమేహరోగులు ఉన్నట్లు తేలెను. దీనికి తెల్లబియ్య మొక్కటియే కారణమని మేము చెప్పము. ముడిబియ్యము దీనికి మందనియు చెప్పము. అన్నము తగ్గించి పప్పు, ఆకుకూరలు, చేపలు హెచ్చించుటయు, ఒడలు వంచి పని చేయుటయు ముఖ్యములే. అయినను మూడుపూటలు తినువానికి ఆ అన్న మెట్టిదో విచారించుట అవసరము గదా.

ఇక మా అనుభవము చెప్పెదము. కొన్ని సంవత్సరముల క్రిందట రాజోలు ప్రాంతమందలి ఒక గ్రామమున మేము ఉత్సాహముతో ఇరువది బస్తాల ముడిబియ్యము ఆడించి, సంఘముద్వారా ఇంటింటికి ఇప్పించితిమి. ఉపన్యాసములు చేసితిమి; పటములు చూపితిమి. పది దినములలో ఒక వృద్ధురాలు మమ్ము వీధిలో నిలిపి, "బాబూ, మీ బియ్యం రెండెసర్లు తాగినా ఉడకలేదు. మా ముసలాయనకి పళ్ళెక్కడివి నమలడానికి?" అని అడిగెను. మేము బదులు చెప్పలేకపోతిమి. మిగిలిన బస్తాలు ఆషాఢపు ముసురులో ముక్కవాసన వేసి పురుగుపట్టి, కడపట కోళ్ళ పాలయ్యెను. సంఘమునకు నష్టము, మాకు తలవంపు.

తప్పు వృద్ధురాలిది కాదు, బియ్యముది కాదు. తప్పు మాదే. తరముల అలవాటును ఒక్క దినమున త్రిప్పబోతిమి. నానబెట్టి వండవలెనని చూపలేదు. ఊక తీసిన వెంటనే పొరలలోని నూనె చెడుట మొదలిడునని తెలిసియు, మాసములకు సరిపడు నిలువ చేసితిమి.

మరుసటి యేడు ఒంటిపట్టు బియ్యము, అనగా ఒక్కమారు మాత్రము తేలికగా పట్టువేసినది, వారమునకు సరిపడునంత ఆడించితిమి. మొదట తెల్లబియ్యముతో సగముపాలు కలిపి వండుడని చెప్పితిమి. ఈ మారు బస్తాలు తిరిగి రాలేదు. మమ్ము నిలవేసిన ఆ వృద్ధురాలే, "ఇదైతే తినొచ్చు బాబూ" అని ఒప్పుకొనెను.

మెల్లగా మార్చుటయందలి బలమును పెద్ద సంస్థలును కనుగొన్నవి. ఇంగ్లాండు దేశమున రొట్టెలు చేయువారు 2001 మొదలు 2011 వరకు రొట్టెలోని ఉప్పును కొంచెము కొంచెముగా ఇంచుమించు అయిదవవంతు తగ్గించిరి. రొట్టె ఎప్పటివలెనే అమ్ముడుపోయెను. నాలుక దానితోపాటు సర్దుకొనెను. మన దేశమున వనస్పతి మొదలగువానిలో గుండెకు హానిచేయు ట్రాన్స్ కొవ్వును నూటికి 5 పాళ్ళనుండి 2021లో 3 పాళ్ళకును, 2022 జనవరినుండి 2 పాళ్ళకును చట్టము తగ్గించెను. కొనువాడు ఉపన్యాసము వినకయే మేలు పొందెను. అమ్మువారు వస్తువును మార్చినచో, కొనువారి ఇచ్ఛాబలముమీద భారమంతయు పడదు.

మార్చి ఊరకుండినను చాలదు; చెప్పవలెను. ఇనుము, ఫోలిక్ ఆమ్లము, బి12 చేర్చిన గింజలను నూటికొకటి చొప్పున కలిపిన బియ్యమును చౌకడిపోలద్వారా ఇచ్చుటకు కేంద్ర మంత్రివర్గము 2022 ఏప్రిలులో అంగీకరించెను. ఆ గింజలను చూచి ప్లాస్టిక్ బియ్యమని ఏరి పారవేసిన ఇల్లాండ్రు పలుచోట్ల కలరు. వారిని తప్పు పట్టవలదు. ఇవి యేమియో వారికి అర్థమగునట్లు ముందుగా చెప్పినవారు లేకపోయిరి.

కావున మిల్లులవారికిని, మన సహకార సంఘములకును మేము చేయు సూచనలు ఇవి.

మొదటిది, పట్టును క్రమముగా తగ్గింపుడు. ఈ పంటకు కొంచెము, వచ్చు పంటకు మరికొంచెము.

రెండవది, సంచిమీద నిజము వ్రాయుడు. ఎన్ని పట్లు వేసిరో, ఏ దినమున ఆడించిరో, ఎంతసేపు నానబెట్టవలెనో, ఎన్ని పాళ్ళ నీరు పోయవలెనో పెద్ద తెలుగక్షరములతో నుండవలెను. రోగములు కుదురునని గొప్పలు వ్రాయవలదు.

మూడవది, చిన్న సంచులలో అమ్ముడు. అయిదు కిలోల సంచి చెడక ముందే చెల్లును. రుచి చూడదలచిన పేదవాడును కొనగలడు.

నాలుగవది, ధర. అంగళ్ళలో ఒంటిపట్టు బియ్యమును ఆరోగ్యపు బియ్యమని హెచ్చు వెలకు అమ్ముచున్నారు. లెక్క చూతము. క్వింటాలు వడ్లకు ఊక ఇంచుమించు 20 కిలోలు పోవును. ప్రభుత్వమునకు ఆడించి ఇచ్చు పచ్చిబియ్యమునకు నిర్ణయించిన పడి 67 కిలోలు. పట్టు తగ్గించినచో తవుడుగా పోవలసినదానిలో కొంత బియ్యముగానే నిలుచును; నూకయు తగ్గును. తవుడు వెల బియ్యపు వెలకంటె తక్కువ గనుక మిల్లునకు ఆ మేరకు లాభమే. కొద్దిగా ఆడించుటకును, త్వరగా చెడుటకును కొంత ఖర్చు కలదు, కాదనము. ముందుగా చందాదారులను చేర్చుకొని వారము వారము ఆడించు సంఘమునకు ఆ ఖర్చును తగ్గును. అప్పుడు తెల్లబియ్యపు వెలకే దీనిని ఈయవచ్చును. మేలైన అన్నము ధనికుల వేడుకగా నిలిచిపోరాదు.

"సంఘము ఎరువులు అమ్మవలెను గాని బియ్య మమ్ముట యేల?" అని కొందరు అడుగుదురు. ప్రాథమిక సంఘములు 25కు పైగా వ్యాపారములు చేసికొనుటకు వీలుగా మాదిరి ఉపనిబంధనలను కేంద్ర సహకార మంత్రిత్వశాఖ 2023 జనవరిలో పంపియున్నది. పండించువారును, తినువారును ఒక్కరే యైన సంఘమునకు తన సభ్యుల అన్నమును గూర్చి తలంచుట అపచారము కానేరదు.

అమలాపురము, రాజోలు, కొత్తపేట ప్రాంతముల సభ్యులకు మా మనవి యిది. రాబోవు సంఘసమావేశమునకు ప్రతి గ్రామమునుండి పది ఇండ్లవారు పేరులు ఇచ్చినచో, వారి సొంత స్వర్ణ వడ్లనే ఒంటిపట్టు వేయించి, వారమునకొక సంచి చొప్పున మూడు మాసములు ఇచ్చు ఏర్పాటు చేయవచ్చును. వండు విధము మేమే వచ్చి పొయ్యివద్ద చూపెదము. ఈ మారు పండ్లు లేని పెద్దలకు వడ్డించి, వారు ఒప్పుకొనిన పిదపనే తక్కినవారిని అడిగెదము.